నీలిటోపీ తిప్పేష్

మా బడి నోటీసు బోర్డు మీద ఒక పేపరు కత్తిరింపు మూడేళ్ళు ఉండింది. అతికించింది నేనే. పొడవాటి కొమ్ముల ఆవు, దాని మెడ దగ్గర సూది పట్టుకుని నవ్వుతున్న సైనికుడు, అతని తలమీద నీలిరంగు టోపీ. కింద ‘ఆఫ్రికాలో మన జవాను పశుసేవ’ అని పెద్ద అక్షరాలు. ఆ సైనికుడు మా ఊరి కురుబ రామప్ప కొడుకు తిప్పేష్. నా దగ్గరే తెలుగు చదువుకున్నాడు. అప్పటినుంచి ఊళ్ళో అతనికి నీలిటోపీ తిప్పేష్ అనే పేరు పడిపోయింది. ఆ పేరంటే అతనికి గిట్టదని నాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

మా ఊరు కంబదూరుకు పడమట, కర్ణాటక పొలిమేర దగ్గర. ఎర్రనేల, రాళ్ళగుట్టలు, వాన పడితే వేరుశనగ. పడకపోతే గొర్రెలున్నవాళ్ళు గొర్రెలను తోలుకుని కణేకల్ వైపు కాలువ కింది పొలాలకు పోతారు, లేనివాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు. రామప్పకు అరవై దాకా గొర్రెలుండేవి. తిప్పేష్ తల్లి నల్లమ్మ మందలోనే పురుడు పోసుకుందని చెప్పేవాళ్ళు. పిల్లవాడు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు గొర్రె గురించి వ్యాసం రాయమన్నాను. అందరూ ఉన్ని, పాలు, మాంసం అని రాశారు. తిప్పేష్ దగ్గుతో మొదలుపెట్టాడు. ఏ దగ్గు దుమ్ముకు వస్తుంది, ఏ దగ్గు వస్తే మందలోంచి వేరు చేయాలి, చిటుక రోగం వస్తే గొర్రె ఎట్లా ఎగిరిపడి చస్తుంది, అన్నీ రాసి చివర ‘మా ఊరికి డాక్టరు రాడు’ అని ముగించాడు. పదికి ఎనిమిది వేశాను. అక్షరదోషాలకు రెండు తీసేశాను.

ఇంటర్ అయ్యాక అతను పశువుల డాక్టరు చదువుతానన్నాడు. సీటు రాలేదు. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ వాన లేదు. అనంతపురంలో సైన్యం భర్తీ జరుగుతోందని తెలిసి పోయాడు. గుట్టల మీద గొర్రెల వెంట పరుగెత్తిన కాళ్ళు కాబట్టి పరుగుపందెంలో నెగ్గాడు. మీరట్‌లో శిక్షణ ఇచ్చి జంతువుల విభాగంలో వేశారు. అక్కడ అతని పని డ్రెస్సర్. అంటే పశువుల డాక్టరు పక్కన నిలబడి పుండ్లు కడిగి, కట్లు కట్టి, సూదులు వేసే మనిషి. మంచుకొండల మీద సామాన్లు మోసే కంచరగాడిదల కాళ్ళకు మందు రాస్తూ పదేళ్ళు గడిపాడు. సెలవుకు వచ్చినప్పుడు రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

“ఏమప్పా, మిలిట్రీలో చేరి కూడా పేడెత్తేదేనా?”

“పేడ ఎవురిదైనా పేడేలే అన్నా,” అని నవ్వేసేవాడు. అప్పట్లో బాగా నవ్వేవాడు. ఆ సెలవుల్లోనే కణేకల్ దగ్గరి ఈశ్వరిని పెళ్ళి చేసుకున్నాడు.

పదకొండో ఏట అతన్ని నీలిటోపీల శాంతిసేనలోకి ఎంపిక చేసి ఆఫ్రికాకు పంపారు. ఏ దేశమో రాయవద్దన్నాడు. అక్కడి సంగతులు బయటపెట్టనని ఉద్యోగంలో చేసిన సంతకాలు ఇంకా తనను పట్టుకునే ఉన్నాయని అతని భయం. అక్కడి సంగతులు నాకు ఒక్కరోజులో చెప్పినవి కావు. ఏళ్ళ తరబడి ముక్కలు ముక్కలుగా చెప్పినవి.

ఆ దేశంలో మనుషులు మనుషులతో పోట్లాడుకుంటున్నారు. వాళ్ళ నడుమ నిలబడటానికి పది దేశాల పటాలాలు వచ్చాయి. తిప్పేష్ వాళ్ళ శిబిరం గేటు బయట ఒక రేకుల షెడ్డు వేసి పశువుల ఆసుపత్రి తెరిచారు. దాని డాక్టరు మేజర్ దివాకర్. బళ్ళారి మనిషి కాబట్టి తిప్పేష్‌తో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేవాడు. మొదటిరోజు పన్నెండు ఆవులు వచ్చాయి. నెల తిరక్కుండా తెల్లవారేసరికి గేటు నుంచి ఏటిదాకా బారు నిలబడేది.

“అంత మంచి ఆవులు నేను పుట్టి చూడలేదు సార్,” అనేవాడు తిప్పేష్. “కొమ్ములు ఈ గోడనుంచి ఆ గోడకు వస్తాయి. ఆడుండే జనం మనుషులకు ఆవుల పేర్లే పెడతారు. ఒక ముసలాయన ఉండె, మజోక్ అని. ఆ పేరుకు అర్థం నల్లమచ్చల తెల్లెద్దు అంట. మేము కురుబోళ్ళం గూడా అంత దూరం పోలేదు.”

మజోక్‌కు డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, తాడిచెట్టులా ఉండేవాడట. గాలికుంటుతో గిట్టలు పుచ్చిన ఆవులను మొదట తెచ్చింది అతనే. అవి నడిచాక తన జనాన్నంతా వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరికీ భాష రాదు. పశువు కన్నురెప్ప పైకెత్తి ఇద్దరూ ఒకేసారి చూసేవాళ్ళు, ఒకేసారి తల ఊపేవాళ్ళు. అక్కడి సంత భాషలో తిప్పేష్ నేర్చుకున్న మొదటి మాట ‘బుక్రా’. రేపు అని అర్థం. బారులో మిగిలిపోయినవాళ్ళకు రోజూ సాయంత్రం చెప్పాల్సిన మాట అదే.

షెడ్డు ముందు మన జెండా బొమ్మ వేసిన పెద్ద బోర్డు ఉండేది. ఏటి అవతల ఇంకో దేశం పటాలం బోరుబావులు వేస్తోంది, వాళ్ళ జెండా వాళ్ళ బోర్డు మీద. ఊరి నడుమ మరో దేశం సైనికులు బడి కట్టి పిల్లలకు బంతులు పంచుతున్నారు, వాళ్ళ జెండా బంతుల మీద కూడా ఉంది. రోజూ ఒక ఫోటోగ్రాఫర్ వచ్చి పోయేవాడు. సూది వేసేటప్పుడు బోర్డు కనబడేలా ఆవును తిప్పి నిలబెట్టమనేవాడు. వెలుగు తక్కువైతే వేసిన సూదినే మళ్ళీ వేసినట్టు నటించమనేవాడు.

ఒకరోజు టీ తాగుతూ తిప్పేష్ అడిగాడు. “సాబ్, ఇన్ని దేశాలోళ్ళు పోటీ పడి మంచి చేస్తాండారే, ఎందుకు సాబ్?”

మేజర్ దివాకర్ దాచుకునే మనిషి కాదు. “తుపాకీ చూపిస్తే మనం ఉన్నంతసేపే భయపడతారు తిప్పేష్. ఆవుకు నయం చేస్తే మనం పోయినాక కూడా మన పేరు చెప్పుకుంటారు. రేపు ప్రపంచ సభలో మన దేశానికి ఒక చెయ్యి కావాల్సి వస్తుంది. ఈ దేశం ఆ చెయ్యెత్తుతుంది. ఈడ భూమిలో నూనె ఉండాది, గనులుండాయి. మనోళ్ళు వ్యాపారానికి వస్తే మర్యాద దొరుకుతుంది. నువ్వు ఏసే సూది అంతదూరం పోతుంది.”

తిప్పేష్‌కు ఆ రోజు గర్వంగా అనిపించిందట. కంచరగాడిదల పుండ్లు కడిగిన చేతికి ఇంత విలువ ఉందని ఎవరూ చెప్పలేదు అంతవరకూ. ఆ వారమే పేపరువాళ్ళు తీసిన ఫోటో మా అనంతపురం ఎడిషన్‌లో పడింది. నేను బడికి వచ్చి, కత్తెర తీసుకుని, బోర్డుకు అతికించాను. ఇంకో కాపీ కొని రామప్పకు చూపించడానికి గుట్ట దగ్గరికి పోయాను.

అక్కడికి పోయేసరికి రామప్ప గొర్రెల నడుమ గొంతుకూర్చుని ఉన్నాడు. నల్లమ్మ ఒక పిల్లను ఒళ్ళో పెట్టుకుని దాని ముక్కు చీర కొంగుతో తుడుస్తోంది. నాలుగు గొర్రెలు పక్కకు పడి ఉన్నాయి. మిగిలినవి ముక్కులు కారుతూ, తోకలు తడిసి, తలలు వేలాడేసి నిలబడ్డాయి. నేను పేపరు ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ అర్థం కాదు. చేతిలో ఉంది కాబట్టి ఇచ్చాను. రామప్ప ఫోటో వైపు చాలాసేపు చూశాడు.

“ఈ ఆవు బాగుండాది అయివారా,” అన్నాడు.

మా ఊరికి ఆనుకుని ఉన్న పశువుల ఆసుపత్రిలో డాక్టరు పోస్టు అప్పటికి రెండేళ్ళుగా ఖాళీ. అటెండరు ఉన్నాడు కానీ తాళం తీసి ఊడ్చి మళ్ళీ తాళం వేసేదే అతని పని. పక్క మండలం డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయనకు మూడు మండలాలు చూడమన్నారనీ, నాలుగురోజుల తర్వాత వస్తాననీ అన్నాడు. రామప్ప నా చేయి పట్టుకున్నాడు.

“మావాడికి కలుపు అయివారా. బొమ్మ కనపడే ఫోన్ నీ దగ్గర ఉండాది గదా.”

కలిపాను. అప్పుడు పదకొండు గంటలైంది ఇక్కడ, అక్కడ ఉదయం. మొదటిసారి తెగిపోయింది. రెండోసారి తిప్పేష్ మొహం కనిపించింది. తలమీద ఆ నీలిటోపీ, వెనక ఆవుల బారు. నేను ఫోన్ గొర్రెల వైపు తిప్పాను. అతను టోపీ తీసేశాడు.

“నాయనా, నోరు తెరిచి చూపీ. పండ్ల చిగుళ్ళు చూపీ. సార్, కొంచెం దగ్గరికి పెట్టండి.” చిగుళ్ళ మీద తెల్లటి పుండ్లు. “పారుడు రోగం నాయనా. బాగుండేవాటిని ఇప్పుడే వేరు చేయి. నీళ్ళ తొట్టి కూడా వేరే. వాటికి టీకా పడాల. పడితే అవన్నా మిగుల్తాయి. జబ్బు చేసినవాటికి నేను చెప్పే సూది మందు కళ్యాణదుర్గంలో దొరుకుతుంది. సార్, రాసుకోండి.”

రాసుకున్నాను. రామప్ప ఫోన్‌ను నా చేతిలోంచి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

“ఒరే, నీ ఎనక ఆ నీలిపెట్టె ఏంది?”

“ఐసుపెట్టె నాయనా. టీకాలుంటాయి.”

“ఎవురికి?”

“ఈడ ఆవులకు.”

రామప్ప ఫోన్ నాకిచ్చి గొర్రెల మధ్యలోకి పోయాడు. తెరమీద తిప్పేష్ “నాయనా, నాయనా” అంటున్నాడు. వెనకనుంచి ఎవరో అతన్ని పిలిచారు. పెట్టేశాడు.

నేను కళ్యాణదుర్గం పోయి మందు తెచ్చాను. టీకా అక్కడ లేదు. జిల్లాకు రాలేదన్నారు. సూదులు రామప్పే వేశాడు, అలవాటు లేని చేత్తో. నాలుగోరోజు డాక్టరు వచ్చేసరికి ముప్పైకి పైగా గొర్రెలు పోయాయి. వారం తిరిగేసరికి మందలో పదిహేడు మిగిలాయి. గుట్ట వెనక గుంత తీసి పూడ్చాం. ఆ వారమంతా ఈశ్వరి నాకు అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. చివరిరోజు ఒక్కమాట అడిగింది.

“ఆడి ఆవులకు జబ్బు చేస్తే మా ఆయన ఉండాడు. ఈడ ఎవురుండారు సార్?”

నేను బడికి పోయాను. బోర్డు మీద ఫోటో అట్లాగే ఉంది. తీసేద్దామా అనుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని చూసి మా బడిని మెచ్చుకున్నాడు. ఉంచేశాను.

అక్కడ తిప్పేష్ పని ఆగలేదు. గొర్రెలు పోయిన సంగతి తెలిసిన రోజు కూడా నూటపది పశువులకు సూది వేశాడట. రాత్రీ పగలూ తండ్రికి ఫోన్ చేసేవాడు. రామప్ప ఎత్తేవాడు కాదు.

మరో నాలుగు నెలలకు ఆ శిబిరానికి పెద్దమనుషులు వస్తున్నారని కబురొచ్చింది. మన దేశం నుంచి ఒక బృందం, ఆ దేశపు మంత్రి ఒకాయన, కెమెరాలవాళ్ళు. షెడ్డుకు రంగు వేశారు. పైనుంచి ఒక సూచన కూడా వచ్చింది. పుండ్లు, చీము, ఈగలు ఉన్న పశువులు ఆ రోజు బారులో ఉండకూడదు. చూడటానికి బాగుండే ఆవులను కడిగి నిలబెట్టాలి. తిప్పేష్ ఇద్దరు సిపాయిలతో కలిసి ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఆవులకు సబ్బు రుద్దాడు.

ఆ రోజే మజోక్ తన ఎద్దును తెచ్చాడు. ఆ జనంలో మగవాడికి అన్నిటికన్నా ప్రాణమైన ఎద్దు ఒకటి ఉంటుందట. దాని మీద పాట కట్టి పాడుకుంటాడు. మజోక్ ఎద్దు ముందుకాలు మోకాలి దాకా వాచి, గిట్ట పైన చీము కారుతోంది. అర్ధరోజు నడిపించుకుంటూ వచ్చాడు. తిప్పేష్ ఎదురుపోయి ఆపాడు. చేతులతో చెప్పాడు. ఈ రోజు కాదు.

“బుక్రా?” అన్నాడు మజోక్.

“బుక్రా,” అన్నాడు తిప్పేష్.

ముసలాయన ఎద్దుతో సహా ఏటి ఒడ్డున చెట్టుకింద కూర్చుండిపోయాడు. పెద్దమనుషులు వచ్చారు, కడిగిన ఆవులకు విటమిన్ సూదులు వేయిస్తూ ఫోటోలు దిగారు. మంత్రికి ఆసుపత్రి చాలా నచ్చింది. ఇంత మంచి ఆసుపత్రి ఇంత మూల ఎందుకు, రాజధాని పక్కన తమ ప్రాంతంలో ఉంటే ఇంకా బాగా కనపడుతుంది కదా అన్నాడట. సాయంత్రానికి మాట అయిపోయింది. ఉదయానికి కాగితం వచ్చింది. షెడ్డు విప్పేసి, మందులు సీలు వేసి రాజధానికి తరలించాలి.

మజోక్ వచ్చేసరికి సిపాయిలు రేకులు దించుతున్నారు. అతనికి అర్థం కాలేదు. ఇంకా పెద్ద షెడ్డు కడుతున్నారనుకుని నవ్వాడట. తిప్పేష్ మేజర్ దగ్గరికి పరుగెత్తాడు.

“సాబ్, ఒక్క ఎద్దు. రెండు సూదులు చాలు. మూడురోజుల మందు చేతికిస్తే నేను ఎట్లనో చెప్పి పంపిస్తా.”

“సీలు పడిపోయింది తిప్పేష్.”

“తీసి మళ్ళీ ఏద్దాం సాబ్.”

మేజర్ దివాకర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నేను డాక్టరునే. నాకు తెలీదా ఆ కాలు ఏమైతుందో? రాత్రి పైకి ఫోన్ చేసి అరిచినా. ఒక్క నెల ఉండనీమని అడిగినా. ఏమన్నారో తెలుసా? నువ్వు ఆడికి పోయింది ఆవుల కోసం కాదు అన్నారు. మనం ఈడ డాక్టర్లం కాదు తిప్పేష్. జెండాకర్రలం. యాడ నాటితే ఆడ నిలబడాల.”

తిప్పేష్ తన సొంత కిట్‌లో ఉన్న గాయం కట్టు తీసుకుపోయాడు. అది సైనికుడికి గుండు తగిలితే కట్టుకోవడానికి ఇచ్చేది. ఉప్పునీళ్ళతో గిట్ట కడిగి, చీము పిండి, ఆ కట్టు కట్టాడు. అంతకుమించి అతని దగ్గర ఏమీ లేదు. మజోక్ అతని అరచేయి తెరిచి అందులో ఉమ్మాడు. ఆ జనంలో అది పెద్దలు ఇచ్చే దీవెన. తర్వాత ఎద్దు కాలు చూపించి మళ్ళీ అడిగాడు, రేపు రావాలా అని.

తిప్పేష్ తల ఊపాడు. “బుక్రా” అన్నాడు. మధ్యాహ్నానికి లారీలు కదిలాయి.

దేశానికి తిరిగివచ్చాక అతనికి నీలిరంగు పట్టీ ఉన్న పతకం ఇచ్చారు. మరో ఐదేళ్ళు పనిచేసి, హవల్దార్‌గా పింఛనుతో ఇంటికి వచ్చేశాడు. ఊరివాళ్ళు కంబదూరు నుంచి మేళంతో తీసుకొచ్చారు. తండ్రి వాకిట్లోనే ఉన్నాడు కానీ లేవలేదు. నల్లమ్మ అప్పటికే చనిపోయింది.

వచ్చిన మొదటి నెలలోనే తిప్పేష్ ఇరవై గొర్రెపిల్లలను కొని తండ్రి దొడ్లో వదిలాడు. రామప్ప వద్దనలేదు. పొద్దున్నే తోలుకుపోయి మేపుకొచ్చేవాడు. కొడుకుతో అవసరమైన రెండు మాటలు ఈశ్వరి ద్వారా చెప్పించేవాడు. అయితే ఏ గొర్రెకైనా ఒంట్లో బాగాలేకపోతే దాన్ని భుజాన వేసుకుని నాలుగు మైళ్ళ అవతల ఓబుళేసు అనే నాటువైద్యుడి దగ్గరికి పోయేవాడు. ఓబుళేసు పసరు పోసి వాత పెట్టేవాడు. పదిహేడేళ్ళు పశువులకు సూదులు వేసిన కొడుకు వాకిట్లో నిలబడి చూస్తుండగా.

ఒకసారి నేనున్నప్పుడే జరిగింది. రామప్ప భుజం మీద గొర్రె నాలుక వాచి నీలంగా ఉంది. తిప్పేష్ అడ్డం పోయాడు.

“నాయనా, నీలినాలుక అది. వాత పెడితే తగ్గేది కాదు. నేను చూస్తా, దించు.”

“ఈశ్వరీ,” అన్నాడు రామప్ప కోడలి వైపు తిరిగి, “ఆయప్ప పెద్ద డాక్టరు. విమానమెక్కి పోయి చూస్తాడు. మనం ఓబుళేసు కాడికి పోతాం.”

ఆ గొర్రె దారిలోనే చచ్చిపోయింది. తిప్పేష్ ఊళ్ళో మిగతావాళ్ళ గొర్రెలకు ఊరికే వైద్యం చేయడం మొదలుపెట్టాడు. అదీ ఎక్కువరోజులు సాగలేదు. ఎవరో ఫిర్యాదు చేస్తే ఒక అధికారి వచ్చి, డిగ్రీ లేకుండా సూది పట్టుకుంటే కేసు పెడతానన్నాడు. సైన్యం ఇచ్చిన సర్టిఫికెట్ చూపించాడు తిప్పేష్. అది సైన్యంలో చెల్లుతుందన్నారు. డాక్టరు పోస్టు మాత్రం అప్పటికీ ఖాళీగానే ఉంది.

ఇక నేను చేసిన పని.

ఆ ఏడు ఆగస్టు పదిహేనుకు మా బడి జెండా పండుగకు ఒక పెద్ద అతిథి వస్తున్నాడు. సైన్యంలో పెద్ద హోదాలో చేసి విరమించిన మనిషి. తిప్పేష్ చేత పిల్లలకు నాలుగు మాటలు చెప్పించమని హెడ్‌మాస్టరు నాకు అప్పగించాడు. తిప్పేష్ రానన్నాడు. నేను బతిమాలాను. గురువునన్న చనువు వాడుకున్నాను. “ఉన్నది ఉన్నట్టు చెప్పు చాలు,” అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

అతిథి బాగా మాట్లాడాడు. సైన్యం అంటే యుద్ధమొక్కటే కాదని, ప్రపంచంలో మనసులు గెలవడం కూడా సైన్యం పనేనని, అందుకు ఈ ఊరి బిడ్డే సాక్ష్యమని అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తిప్పేష్ మైకు ముందుకు వచ్చాడు. పతకం పెట్టుకోలేదు. వెనక వరసలో, గోడ దగ్గర, కట్టె ఆనించుకుని రామప్ప నిలబడి ఉండటం నేను అప్పుడే చూశాను.

“సార్ చెప్పింది నిజమే,” అని మొదలుపెట్టాడు. “మనసులు గెలిచినాం. నేను శానా గెలిచినా. గెలిచి, ఆడనే పెట్టి వచ్చినాం.” తర్వాత మజోక్ సంగతి చెప్పాడు. సబ్బుతో కడిగిన ఆవుల సంగతి చెప్పాడు. రేపు రమ్మని అబద్ధం చెప్పి లారీ ఎక్కిన సంగతి చెప్పాడు. పిల్లలు కదలకుండా విన్నారు. అతిథి కుర్చీలో ఇటు తిరిగి అటు తిరిగి హెడ్‌మాస్టరు వైపు చూశాడు. హెడ్‌మాస్టరు నా వైపు చూశాడు.

“ఇంకొకటి ఉండాది. ఇది మా నాయనకు గూడా చెప్పలేదు. మా గొర్రెలు సచ్చిపోతాన్నపొద్దు ఫోన్‌లో మా నాయన అడిగినాడు, ఆ పెట్టెలో ఏముండాది అని. ఆవుల టీకాలు అని చెప్పినా. అబద్ధం. ఆడ మేకలు గూడా శానా ఉండె. పారుడు రోగం టీకా ఆ పెట్టెలో మూడొందల డోసులుండె. ఏ మందు కోసం మా సార్ కళ్యాణదుర్గమంతా తిరిగినాడో, ఆ మందు నేను వీపు ఆనించుకుని నిలబడిన పెట్టెలో ఉండె. మన దేశం నుంచే వచ్చినది. మన జెండా అతికించినది. అది మన ఊరికి రాదు. ఎందుకంటే మన ఊరోళ్ళ మనసు గెలిచే పని ఎవురికీ లేదు. మనం యాడికి పోతాం? పోయేది లేదు గదా...”

నేను మైకతనికి సైగ చేశాను. అతను స్విచ్ నొక్కాడు.

తిప్పేష్ పెదవులు ఇంకాసేపు కదిలాయి. వెనకవాళ్ళకు వినపడలేదు. ముందు వరసలో ఉన్న నాకు వినపడింది. “గొప్పగా చెప్పాలంట. నాకు గొప్పగా లేదు,” అన్నాడు. దిగిపోయాడు. పిల్లలకు మిఠాయిలు పంచాం.

ఆ మధ్యాహ్నం జరిగింది ఈశ్వరి చెప్పింది. తిప్పేష్ ఇంటికి పోయి మంచం మీద కూర్చున్నాడు. రామప్ప వచ్చి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి కొడుకు మొహం చూసి మాట్లాడాడు.

“ఆ పెట్టె సంగతి ఆపొద్దు చెప్పినా నేను చేసేది ఏముండె? తిట్టేవాణ్ణి. అంతే గదా.” చేతిలో కట్టెను గోడకు ఆనించాడు. “ఆ ముసలాయన ఎద్దు బతికిందా?”

“తెలీదు నాయనా.”

“తెలుసుకోలేదా?”

“ఎట్ల తెలుసుకోవాల? ఫోన్ లేదు, ఊరు గూడా ఉండే ఊరు కాదు. మేత కోసం తిరిగేవాళ్ళు.”

“మనట్ల,” అన్నాడు రామప్ప. “కాలు అంత వాచినాక నడిపించకూడదు. రెండోపొద్దు గూడా నడిపించుకొచ్చింటాడు నువ్వు రమ్మన్నావని. నువ్వు రావద్దని చెప్పింటే చెట్టుకిందనే పెట్టుకుని ఉప్పుకాపడం పెట్టేవాడు. బతికేదేమో.”

తిప్పేష్ ఆ మాటకు తల పట్టుకుని ఏడ్చాడట. రామప్ప ఓదార్చలేదు. లేచి గొర్రెలకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకులు మేత గురించీ వాన గురించీ మామూలుగానే మాట్లాడుకునేవాళ్ళు. కానీ రామప్ప బతికి ఉన్నంతకాలం ఒక్క గొర్రెను కూడా అతని చేత ముట్టించలేదు. రెండేళ్ళ కిందట రామప్ప పోయాక ఈశ్వరి మందను అమ్మించేసింది.

ఇప్పుడు గుట్టల మీద గాలిమరలు వచ్చాయి. తిప్పేష్ వాటి కంపెనీ గేటు దగ్గర వాచ్‌మెన్. గొర్రెలవాళ్ళు ఆ దారిన పోతూ ఆగి చూపిస్తారు. కుర్చీలోంచి లేవకుండానే చూసి, జబ్బు పేరు చెబుతాడు. “డాక్టరు కాడికి తోలుకపో అన్నా,” అంటాడు. డాక్టరు పోస్టు పోయినేడు నిండింది. ఆయన వారానికి రెండురోజులు వస్తాడు.

నేను రిటైరయ్యాక ఒక ఉదయం ఆ గేటు దగ్గరికి పోయాను. కుర్చీ నాకిచ్చి అతను రాయి మీద కూర్చున్నాడు. కొంతసేపు ఎండ గురించి మాట్లాడుకున్నాం.

“ఆపొద్దు మైకు ఆపించింది నేనే తిప్పేష్,” అన్నాను.

“తెలుసు సార్. మీరు చేయి ఎత్తింది చూసినా.”

“ఇంక్రిమెంటు ఆపుతారని భయపడినా.”

“ఆపినారా?”

“లేదు.”

అతను తల ఊపాడు. నామీద కోపం ఉందో లేదో ఆ మొహంలో తెలియలేదు. నవ్వు ఉండిన చోట ఇప్పుడు ఏమీ లేదు. ఏదో అనబోయాడు. అంతలో కంపెనీ జీపు మట్టి రేపుకుంటూ వచ్చి హారన్ కొట్టింది. తిప్పేష్ లేచి టోపీ సర్దుకుని, సెల్యూట్ కొట్టి, గేటు తీశాడు. జీపు లోపలికి పోయాక రిజిస్టరులో టైము రాసుకుంటూ, “ఎండెక్కువైతాండాది, మీరు పోండి సార్,” అన్నాడు.